గంగమణి గొంతులో అయిదో పాఠం

ఏకీకృత పఠన మండలి పెద్దలారా, మీరు దొంగలు. మెత్తగా చెప్పడం నాకు రాదు, నేర్చుకునే తీరిక కూడా లేదు. మెడలో గొలుసు తెంపుకుపోయినవాడి మీద కేసు పెట్టడానికి స్టేషన్ ఉంది. మీరు ఎత్తుకుపోయింది ఒక ఆడమనిషి గొంతు. దానికి ఏ స్టేషన్లోనూ సెక్షన్ లేదని మీకు బాగా తెలుసు. అందుకే దండలు వేయించుకుని, రిబ్బను కత్తిరించి మరీ ఎత్తుకుపోయారు.

జరిగినదాన్ని మీ రిపోర్టులో "సాంకేతిక అంతరాయం" అని రాసుకున్నారు. అంతరాయం పేరు గంగమణి. ఇప్పుడు నేను రాస్తున్నాను, చదవండి. కళ్లతో చదవండి, నెత్తికి పట్టీ పెట్టుకుని కాదు.

మా ఊళ్లో ఆడవాళ్లం బీడీలు చేస్తాం. ఆకాశంలో ఏవేవో తిరుగుతున్న ఈ కాలంలో కూడా బీడీ చేత్తోనే చుట్టాలి. మధ్యాహ్నం కాగానే గంగమణి ఇంటి అరుగు మీద జమవుతాం. ఒళ్లో రేకు చాట, చాటలో తునికాకు, తంబాకు, చేతిలో కత్తెర. గంగమణి మాత్రం చుట్టదు, చదువుతుంది. పేపరు, సర్కారు కాగితం, పిల్లల పుస్తకం, మందుసీసా మీద చీటీ, ఏది దొరికితే అది. ఆమె వాటా బీడీలు మేం తలా కొన్ని చుట్టి పెడతాం. మా అత్తల కాలం నుంచీ ఇదే పద్ధతి. ఒకరు చదవాలి, మిగతావాళ్లు చుట్టాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. విన్న మాట నమ్మబుద్ధి కాకపోతే కత్తెరతో చాటను కొట్టాలి. టక్‌మనగానే చదివే మనిషి ఆగాలి. ఎవరు చెప్పారు, ఎట్లా తెలిసింది అని అడిగితే కాగితంలో వెతికి జవాబు చెప్పాలి. లేకపోతే "దొరకలే" అని ఒప్పుకుని ముందుకు పోవాలి. మా అందరిలో పెద్దది రాజవ్వ. ఆమె వాతావరణ వార్తకు కూడా కొడుతుంది.

"రేపు వాన పడ్తదట. వానకు చెప్పిన్రా మరి?"

మా పిల్లలు ఆ అరుగు మీదే పాకారు, ఆ చదువు వింటూనే పెరిగారు. గంగమణి బిడ్డ లహరి కూడా అంతే. మా వాడకట్టు ఆడపిల్లలు పది పదిహేను మంది మా ఊరి డిగ్రీ కాలేజీలో ఒకే ఏడు చేరారు. మొదటి సంవత్సరంలో అందరికీ ఒకటే సబ్జెక్టు, సమాచార సాంకేతికత పరిచయం. దానికి ఎనిమిది తప్పనిసరి పాఠాలు. సమాచారం అంటే ఏంటి, యంత్రం ఎట్లా పనిచేస్తుంది, నెట్‌వర్క్ ఏంటి, పాస్‌వర్డు ఎందుకు దాచుకోవాలి, ఇట్లాంటివి. చదవదగ్గ పాఠాలే, ఆ మాట ముందే చెప్తున్నాను. కానీ పిల్లలు వాటిని చదివే పని లేకుండా చేశారు మీరు. పట్టీలు పంపారు.

పెట్టెలతో పాటు పట్టీని కనిపెట్టిన డాక్టర్ ఇందుమతి కూడా వచ్చింది. సన్నటి మనిషి, తల వంచుకుని మాట్లాడుతుంది. కాలేజీ ల్యాబులో పిల్లల నుదుటికి తెల్లటి పట్టీలు కడుతూ చెప్పింది.

"ఇది మీ జ్ఞాపకంలో వెతుకుతుంది. మీరు అందరికన్నా ఎక్కువగా ఎవరి మాట నమ్ముతారో వాళ్ల గొంతు పట్టుకుంటుంది. ఆ గొంతుతో పాఠం చెప్తుంది. నమ్మిన గొంతు చెప్పింది ఎవరూ మర్చిపోరు."

ఆ సాయంత్రం లహరి ఉరుక్కుంటూ వచ్చింది.

"అమ్మా, మొదటి పాఠం మొత్తం నువ్వే చెప్పినవే."

"నేనెప్పుడు చెప్పిన? నాకు కంప్యూటర్ ఆన్ చేసుడు గూడ రాదు."

"నా చెవుల చెప్పినవు. కామా కామాకు ఊపిరి తీసుకునుడు గూడ నీదే."

వెనకాలే మిగతా పిల్లలు వచ్చారు. "చిన్నమ్మా, నాకు గూడ నీ గొంతే." "అత్తా, నాకు గూడ." మాతో బీడీలు చుట్టే పోసాని బిడ్డ కూడా అదే అంది, కన్నతల్లి ఎదురుగా ఉండగానే. పోసాని మూతి ముడుచుకుంది. "తొమ్మిది నెలలు మోసింది నేను, గొంతేమో గంగక్కదా."

"నువ్వు తిట్టుడు తప్ప చదివింది ఎప్పుడే?" అంది రాజవ్వ.

అరుగంతా నవ్వాం. గంగమణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. ఇక్కడే మేం తప్పు చేశాం. పిల్లలు కాలేజీలో రోజంతా గంగమణినే వింటున్నారు కదా, మళ్లీ అరుగు మీద ఎందుకు అనుకున్నాం. పోయి పడుకోండి, టీవీ చూసుకోండి అన్నాం. పిల్లలు అరుగెక్కడం మానేశారు.

మార్కులు వచ్చాయి. ఎక్కడ అడిగితే అక్కడి నుంచి పొల్లుపోకుండా అప్పజెప్పారు. మండలి అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చి మా పిల్లలతో ఫొటో దిగాడు.

మెల్లగా తేడా తెలిసింది. గంగమణి అన్నానికి పిలిస్తే లహరి తలెత్తేది కాదు. మూడోసారి పిలిస్తే "నన్నేనా?" అనేది. బయట మబ్బు పట్టింది, గొడుగు తీస్కపో అంటే ఫోను చూసి, అందులో వాన లేదని చెప్పి తడిసి వచ్చేది. వయసు అట్లాంటిది అనుకున్నాం. పక్కింట్లో కూడా గంగమణి మాటకు పిల్లలు అట్లాగే ముఖాలు పెడుతుంటే, కాలేజీకి పోతున్న పొగరు అనుకున్నాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చాట పట్టుకుని అరుగెక్కేసరికి గంగమణి గోడకు ఆనుకుని కూర్చుంది. పెదాలు నల్లబడ్డాయి. లహరి ఎదురుగా నిలబడి ఉంది, ప్రశాంతంగా.

"బిడ్డా, ఊపిరి ఆడతలేదే," అంటోంది గంగమణి.

"పొద్దున ఆరోగ్య కేంద్రంల ఊదినవు కదా. ఊపిరి చూసే పెట్టె పచ్చ లైటు చూపించింది."

"చూపిస్తే చూపించింది. నాకు ఆడతలేదు."

"యంత్రం ఇచ్చిన ఫలితం వాడుకరి అనుభూతి కన్నా నమ్మదగినది," అంది లహరి. అయిదో పాఠం. ఒక్క అక్షరం తప్పు లేదు.

నేను చాట అవతల పడేశాను. ఆటో పిలిచి, గంగమణిని ఎత్తి వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఊపిరితిత్తుల చుట్టూ నీళ్లు చేరాయట. సాయంత్రం దాకా ఆగి ఉంటే మనిషి దక్కేది కాదన్నారు. ఆరోగ్య కేంద్రంలో ఊదే పెట్టెను తర్వాత విప్పి చూస్తే గొట్టం నిండా తంబాకు దుమ్ము. చాన్నాళ్లుగా ఎవరు ఊదినా పచ్చ లైటే వెలుగుతోంది.

ఆసుపత్రి వరండాలో లహరి నా పక్కన కూర్చుంది. తిడదామని నోరు తెరిచాను. ఆ పిల్లే ముందు మాట్లాడింది.

"పెద్దమ్మా, అమ్మ పెదాలు నల్లగైనయని నాకు కనబడ్డది. కానీ ఆమె చెప్తుంటే బస్టాండ్ల మైకు లెక్క వినబడ్తంది. నాకు గాదు, ఎవలకో చెప్తున్నట్టు. అమ్మ సచ్చిపోతుంటే గూడ గట్లనే వినబడ్డది." నా చెయ్యి పట్టుకుంది. "అమ్మ గొంతు నాకు మళ్లా కావాలె. నాకు ఫస్టు క్లాసు వద్దు, ఏం వద్దు."

నా నోట్లో తిట్టు అక్కడే ఆగిపోయింది. ఆ పిల్లకు కాదు, ఇంకొకరికి పెట్టాల్సిన తిట్టు అది. మర్నాడు లహరిని వెంటబెట్టుకుని కాలేజీ ల్యాబుకు పోయాను.

ఇందుమతి నన్ను చూడగానే లేచి నిలబడింది. నేను ఏమీ అడగకముందే లహరి నుదుటికి ఒక తీగ అంటించి, నమ్మకం కొలిచే చిన్న ముల్లు మీటరు బల్ల మీద పెట్టింది. ఫోనులో గంగమణి పంపిన పాత మాట ఒకటి వినిపించమంది. "లహరీ, పైలంగ రా బిడ్డా" అని ఉంది అందులో. ముల్లు కదల్లేదు. తర్వాత ఇందుమతి అయిదో పాఠంలో ఒక వాక్యం తన గొంతుతోనే చదివింది. ముల్లు చివరిదాకా ఎగిరింది.

"నమ్మకం కొత్తగా పుట్టదండీ," అంది. "గొంతులోంచి పాఠంలోకి దిగుతుంది. కొత్త చీర నానబెడితే రంగు నీళ్లలోకి దిగినట్టు."

"ముందే తెలుసా నీకు?"

"తెలుసు. పట్టీ మొదట నా మీదే పరీక్షించుకున్నాను. అప్పట్నుంచి మా అక్క ఫోన్ చేస్తే నంబరు చూసి గుర్తుపట్టాలి." తల వంచుకునే చెప్పింది. "మతిమరుపు రోగుల కోసం చేశాను దీన్ని. మండలివాళ్లు తీసుకుపోయారు. ఇట్లా అవుతోందని చెప్పాను. మార్కులు పెరిగాయి కదా అన్నారు."

"పట్టీలు కట్టిన మిగతా ఊళ్లల్ల ఎందుకు బయటపడలే మరి?"

"అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో గొంతు. ఒకరికి తాత, ఒకరికి సారు. ఎవరింట్లో వాళ్లు పిల్లలు మారిపోయారని సర్దుకున్నారు. ఇన్ని తలల్లో ఒకే గొంతు దొరికింది మీ ఊళ్లోనే."

"మా పిల్లలు అందరు గంగమణినే ఎందుకు నమ్మిన్రో అడిగినవా?"

"ఎంత నమ్ముతున్నారో కొలిచాను. ఎందుకో అడగలేదు."

"ఆమెను మేం ఆపగలం. అందుకే నమ్మినం. నీ పట్టీని ఆపే ఉపాయం ఉన్నదా?"

లేదని తల ఊపింది.

"రంగు మళ్లా చీరెకు ఎక్కుతదా మేడం?" అని లహరి అడిగింది.

"తెలియదమ్మా. ఎవరూ ప్రయత్నించలేదు."

"అయితే ఆ మీటరు పట్టుకుని మా అరుగు మీదికి రా," అన్నాను నేను.

గంగమణి ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే మొదలుపెట్టాం. పాఠాలు కాగితాల మీద అచ్చు తీయించాం. పిల్లల్ని బతిమాలి, బెదిరించి కూర్చోబెట్టాం. గంగమణి సన్నటి గొంతుతో చదువుతోంది, మేం చుట్టుతున్నాం. ఇందుమతి స్తంభం పక్కన ముడుచుకుని కూర్చుంది, లహరి నుదుటి తీగ ఆమె ఒళ్లో మీటరు దాకా వేలాడుతోంది. రెండో వాక్యానికే రాజవ్వ టక్‌మనిపించింది.

"ఆగు. ఎవలు చెప్పిన్రు గిది?"

"పాఠం చెప్పింది," అన్నారు పిల్లలంతా ఒక్కసారే.

"పాఠానికి ఎవలు చెప్పిన్రు?"

"పాఠమే చెప్పింది పెద్దవ్వా," విసుక్కుంది పోసాని బిడ్డ. "అది అంతే ఉంటది."

"నా మొగుడు గూడ గట్లనే అంటుండె, అది అంతే అని. ఎన్నడన్న ఊకున్ననా?"

అరుగు మీద ఆడవాళ్లు నవ్వారు. పిల్లలు నవ్వలేదు. ఎప్పుడు ఇంటికి పోదామా అన్నట్టు వీధిలోకి చూస్తున్నారు. ముల్లు కదల్లేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మేం చాటలు సొట్టలు పోయేలా కొట్టాం. బండ మీద పోసిన నీళ్లలా మా ప్రశ్నలు వాళ్ల మీది నుంచి జారిపోయాయి.

"మీరు ఆపితే లాభం లేదేమో," అంది ఇందుమతి. "మాట వాళ్ల లోపల నడుస్తోంది. ఆపితే వాళ్లే ఆపాలి."

"వాళ్లెట్ల ఆపుతరు? మాట్లాడేది గంగక్క గొంతు, దాన్నే ఆపుమంటే?" అంది పోసాని.

గంగమణి మా మాటలు పట్టించుకోలేదు. చదువుతూనే ఉంది. ఒకరోజు అయిదో పాఠానికి వచ్చింది. "యంత్రం ఇచ్చిన ఫలితం వాడుకరి అనుభూతి" అని, అక్కడ దగ్గు వచ్చి ఆగిపోయింది. చాలాసేపు దగ్గింది. పోసాని నీళ్ల చెంబు అందించింది. నేను లహరిని చూస్తున్నాను. ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి, మిగతా సగం వాక్యం లోపల ఎవరో చెప్తున్నారు, దగ్గు లేకుండా, ఆగకుండా, గంగమణి గొంతుతోనే. ఎదురుగా గంగమణి రొమ్ము పట్టుకుని ఊపిరి కోసం తన్నుకుంటోంది. లహరి చూపు తల్లి మీద నిలిచింది. పెదాలు ఆగాయి.

లహరి పోసాని చాటలోంచి కత్తెర తీసుకుంది. చాట మీద మెల్లగా కొట్టింది.

"ఆగమ్మా. ఇది ఎవలు చెప్పిన్రు?"

గంగమణి కాగితం ముందూ వెనకా తిప్పి చూసింది. "పేరు లేదు బిడ్డా. ఎవలు రాసిన్రో దీంట్ల లేదు."

"వాళ్లకు ఎట్ల తెలిసింది?"

"దొరకలే."

"ఆ రోజు నీకు ఎట్లుండె?"

"రొమ్ము మీద బండ పెట్టినట్టుండె. నీకు చెప్తనే ఉంటి."

ఇందుమతి ఒళ్లో మీటరును రెండు చేతులతో పట్టుకుంది. ముల్లు కొంచెం లేచి మళ్లీ పడింది.

"ఇంకేమన్న చెప్పమ్మా," అంది లహరి.

"ఏం చెప్పాలె?"

"ఏదైనా."

"పొద్దటి సంది ఏం తిన్లే నువ్వు. లేచి పోయి తిను."

ముల్లు ఎగిరి మీటరు అవతలి అంచుకు కొట్టుకుంది. లహరి అది చూడనే లేదు. నుదుటి తీగ పీకేసి లేచి, ఇంట్లోకి పోయి, కంచంలో అన్నం పెట్టుకుని మా అందరికీ కనబడేలా గడపలో కూర్చుని తిన్నది. ఏడుస్తూ తిన్నది. "పచ్చడి వేస్కో" అని గంగమణి అంటే వేసుకుంది. మేం ఎవరం బీడీ చుట్టలేదు.

ఇందుమతి అరుగు దిగి, వేపచెట్టు దగ్గరికి పోయి ఫోను చేసింది. "అక్కా, పనేం లేదు. నువ్వు ఏదో ఒకటి చెప్తూ ఉండు, నేను మధ్యమధ్యలో అడ్డం వస్తాను," అనడం నాకు వినబడింది.

తర్వాత పని ఆగలేదు. ఒక్కొక్క పిల్ల ఒక్కొక్క వాక్యం దగ్గర కత్తెర అందుకుంది. పోసాని బిడ్డ పాస్‌వర్డుల పాఠం దగ్గర, ఇంకో పిల్ల నెట్‌వర్క్ పాఠం మొదట్లోనే. ప్రశ్నించిన పాఠం పోలేదు, అది వినండి. జవాబు దొరికిన వాక్యాలు వాళ్లకు ఇంకా గట్టిగా గుర్తున్నాయి, ఇప్పుడు అర్థంతో సహా. జవాబు దొరకనివి మాత్రం గొంతును వదిలేశాయి.

అప్పుడే మీరు జిల్లా సభ పెట్టారు. పట్టీని ఒకటో తరగతి పిల్లల నుంచే తప్పనిసరి చేస్తామన్నారు. నమూనాగా మా ఆడపిల్లల్ని వేదిక ఎక్కించారు. మొదటి పాఠం కలిసి అప్పజెప్పాలి. కింద కుర్చీల్లో అధికారులు, వెనక తల్లిదండ్రులు, కెమెరాలు. గంగమణి మూడో వరసలో కూర్చుంది.

పిల్లలు అప్పజెప్పారు, గడియారం కొట్టినట్టు. "సమాచారం అనగా మూలం తెలిసిన దత్తాంశం. మూలం తెలియని దానిని సమాచారంగా పరిగణించరాదు." అక్కడ లహరి వేలి ఉంగరంతో బల్ల మీద టక్‌మని కొట్టింది. అందరూ ఆగారు.

"అధ్యక్షులవారికి ఒక ప్రశ్న," అంది. "ఈ పాఠాలు రాసింది ఎవరు సార్?"

"అది ఈ ప్రదర్శనలో లేదమ్మా. కొనసాగించు."

"పాఠంలోనే ఉంది సార్. ఇప్పుడే చెప్పాం. మూలం తెలియకపోతే అది సమాచారం కాదు. ఇన్నాళ్లూ రోజూ అప్పజెప్పాం, ఇవాళ విన్నాం. అయిదో పాఠం ఎవరు రాశారు?"

అధ్యక్షుడు పక్కనున్నవాణ్ణి చూశాడు. వాడు ఇంకో పక్కవాణ్ణి చూశాడు. ఆ వరస చివర కుర్చీ ఖాళీగా ఉంది. వెనకనుంచి ఎవరో తండ్రి కుర్చీ చేతిని కొట్టాడు. తర్వాత ఇంకొకరు. ఇందుమతి లేచి మైకు అడిగింది, ఇవ్వలేదు. మైకు లేకుండానే మాట్లాడింది. గొంతులోంచి పాఠంలోకి ఏం దిగుతుందో, మీకు ఎప్పుడు చెప్పిందో, మీరు ఏమన్నారో, తల ఎత్తి చెప్పింది. ఆ హాల్లో ప్రతి తల్లీ తన పక్కనున్న బిడ్డ వైపు తిరిగి ఏదో ఒక మాట అనడం నేను చూశాను. బిడ్డ ముఖంలో ఏం వెతుకుతున్నారో నాకు తెలుసు.

ఆ సాయంత్రానికే ఒకటో తరగతి ఆర్డరు ఆగిపోయింది. మా ఊరి కాలేజీలో పట్టీలన్నీ పెట్టెల్లోకి పోయాయి. పిల్లలు పరీక్ష పెన్నుతో రాశారు. అందరూ గట్టెక్కారు. ఇప్పుడు దర్జీ దుకాణాల్లో, బస్సు డిపోల్లో, వడ్లమిల్లుల్లో పాఠాలు చదివించుకుంటున్నారు. ఆపడానికి ఒకచోట కొలబద్ద, ఒకచోట పానా, ఏది చేతిలో ఉంటే అది. మేం గెలిచాం. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా గెలిచాం.

అయినా లెక్క తీరలేదు. ఆర్డరు "తాత్కాలికంగా" ఆగిందని రాశారు. ఆ మాట తీసేయండి, శాశ్వతంగా అని రాసి సంతకం పెట్టండి. ఎనిమిది పాఠాలకూ రాసినవాళ్ల పేర్లు వేసి కాగితం మీద పంపండి. చదువు మాకు కావాలి, మేం వద్దన్నది మీ పట్టీని. ఇంకోటి. పిల్లల తలల్లోంచి పట్టీలు తోడుకున్న గంగమణి గొంతు మీ సర్వర్లలో భద్రంగా ఉందని ఇందుమతి చెప్పింది. ఇన్ని తలలు నమ్మిన గొంతు ఇంకెక్కడా దొరకలేదట, దాన్నే అన్ని జిల్లాలకూ వాడదామని మీలో కొందరు మాట్లాడుకుంటున్నారట. దాన్ని తుడిచేయాలి. తుడిచేశామని చెప్తే చాలదు, మా కళ్లముందు తుడవాలి.

సోమవారం పొద్దున మీ ఆఫీసుకు వస్తున్నాం. లహరికి సర్వరు ఎట్లా ఉంటుందో, అందులో ఏది ఎక్కడ ఉంటుందో తెలుసు, మూడో పాఠంలో చదివింది. గంగమణి మెట్లు ఎక్కలేదు, లిఫ్టు పనిచేసేలా చూడండి. సర్వర్ గది తాళం తీసి ఉంచండి.